ఛార్జ్ మెమో నుంచి హైకోర్టు దాకా: పోలీసు ఉద్యోగి సవాలు ఎక్కడ నిలుస్తుంది, ఎక్కడ వీగిపోతుంది

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో శాఖాపరమైన చర్య ఎదుర్కొన్న పోలీసు ఉద్యోగి చాలాసార్లు లాయరు గుమ్మం తొక్కేది శిక్ష ఉత్తర్వు చేతికి అందాకే. అప్పటికి చేయాల్సిన పనిలో పెద్ద భాగానికి సమయం దాటిపోయి ఉంటుంది. నేలపాడులోని హైకోర్టు కొత్తగా సాక్షుల్ని పిలవదు. ఎవరిది అబద్ధం, ఎవరిది నిజం అని మొదటి నుంచి తవ్వదు. సబ్ డివిజన్ ఆఫీసులో నెలల తరబడి నడిచిన ఓరల్ ఎంక్వైరీ ఫైలు, అంటే డిపార్టుమెంటులో అందరూ ఓఈ అనేదాన్ని ముందు పెట్టుకుని, అందులో నియమం ప్రకారం జరిగిందా లేదా అన్నంతవరకే చూస్తుంది. ఓఈలో సాక్షిని అడగని ప్రశ్న హైకోర్టులో అడగడం కుదరదు. కావాలన్న కాగితం ఇవ్వలేదని అప్పుడే రాసి ఇవ్వకపోతే, రెండేళ్ల తర్వాత అఫిడవిట్‌లో రాసినా దానికి బరువుండదు.

ఇది ఉద్యోగి ఒక్కడి బతుకుతెరువు సమస్య మాత్రమే అనుకుంటే పొరపాటు. స్టేషన్లో దెబ్బలు తిన్న మనిషి, లంచం ఇచ్చుకోలేక ఎస్పీ ఆఫీసు మెట్లెక్కిన రైతు ధైర్యం చేసి ఫిర్యాదు ఇస్తే, విచారణ అడ్డదిడ్డంగా నడిపి చివర్లో డిస్మిస్ అని ఒక ఉత్తర్వు పడేస్తే, అది కోర్టులో నిలవదు. తప్పు చేసినవాడు తిరిగి యూనిఫాం వేసుకుంటాడు. అదే అడ్డదిడ్డపు విచారణ తప్పు చేయని కానిస్టేబుల్ ఇంటిని కూడా కూల్చేస్తుంది. ఇద్దరికీ రక్షణ ఒక్కటే: ఫైలు సరిగ్గా నడవడం.

శిక్షించే అధికారం ఎవరిది

రాజ్యాంగం 311(1) అధికరణ ప్రకారం ఉద్యోగిని నియమించిన అధికారి కంటే కింది హోదా అధికారి అతన్ని డిస్మిస్ చేయకూడదు, ఉద్యోగం నుంచి తొలగించకూడదు. జిల్లాలో కానిస్టేబుల్, హెడ్ కానిస్టేబుళ్లకు నియామకాధికారి ఎస్పీ. సబ్ ఇన్‌స్పెక్టర్‌కు రేంజి డీఐజీ. ఈ రెండు జిల్లాలూ విశాఖపట్నం రేంజిలోవి. కాబట్టి ఎస్సైని డిస్మిస్ చేస్తూ ఎస్పీ సంతకం పెడితే ఆ ఉత్తర్వు మొదటి వాయిదాలోనే కూలిపోతుంది. 2022 ఏప్రిల్‌లో పార్వతీపురం మన్యం జిల్లా ఏర్పడ్డాక కొందరికి ఒక సందేహం వచ్చింది: తనను తీసుకున్నది విజయనగరం ఎస్పీ కదా, మన్యం ఎస్పీ ఎలా తీసేస్తారు అని. ఈ వాదన నిలవదు. చట్టం చూసేది హోదానే. ఏ కుర్చీలో కూర్చున్నారన్నది దానికి పట్టదు.

చర్య నడిచేది ఆంధ్రప్రదేశ్ సివిల్ సర్వీసుల వర్గీకరణ, నియంత్రణ, అప్పీలు నియమాలు, 1991 కింద. సీసీఏ రూల్స్ అంటే అందరికీ తెలుస్తుంది. 9వ నియమంలో శిక్షలు రెండు రకాలు. మందలింపు, పదోన్నతి ఆపడం, నష్టం రాబట్టడం, భవిష్యత్తుపై ప్రభావం లేకుండా ఇంక్రిమెంటు ఆపడం చిన్నవి. భవిష్యత్తుపై ప్రభావంతో ఇంక్రిమెంటు ఆపడం, హోదా తగ్గించడం, నిర్బంధ పదవీ విరమణ, తొలగింపు, డిస్మిస్ పెద్దవి. పెద్ద శిక్షకు 20వ నియమం కింద పూర్తి విచారణ తప్పనిసరి. ఇక్కడ జరిగే మోసం ఇంక్రిమెంట్ల దగ్గరే. సంజాయిషీ అడిగి, విచారణ పెట్టకుండా, 'రెండేళ్లు ఇంక్రిమెంటు వాయిదా, భవిష్యత్తు ఇంక్రిమెంట్లపై ప్రభావంతో' అని రాసేస్తారు. చూడ్డానికి చిన్న శిక్షలా ఉంటుంది. కానీ ఆ కోత రిటైరయ్యేదాకా ప్రతినెలా జీతంలో, ఆపైన పెన్షన్‌లో కూడా కొనసాగుతుంది. అది పెద్ద శిక్షే అని కుల్వంత్ సింగ్ గిల్ కేసులో 1990లోనే సుప్రీంకోర్టు తేల్చింది. ఉత్తర్వు చివరి వాక్యంలో 'ప్రభావంతో' అని ఉందో 'ప్రభావం లేకుండా' అని ఉందో ముందు చూసుకోవాలి.

వీఆర్, సస్పెన్షన్

ఆరోపణ రాగానే వీఆర్‌కు (వేకెన్సీ రిజర్వు, అంటే పోస్టింగు లేకుండా ఉంచడం) పంపడం, ఆర్ముడ్ రిజర్వు హెడ్‌క్వార్టర్స్‌కు అటాచ్ చేయడం శిక్ష కిందికి రావు. జీతం పూర్తిగా వస్తుంది కనుక వీటిని సవాలు చేసి గెలిచినవాళ్లు అరుదు. సస్పెన్షన్ వేరు. 8వ నియమం కింద విచారణ జరుగుతున్నప్పుడో, జరపాలని తలపెట్టినప్పుడో, క్రిమినల్ కేసు నడుస్తున్నప్పుడో సస్పెండ్ చేయవచ్చు. 48 గంటలకు మించి కస్టడీలో ఉంటే సస్పెండ్ అయినట్టే లెక్క. ఆ కాలంలో సగం జీతపు సెలవులో వచ్చే మొత్తానికి సమానమైన జీవన భృతి, దాని మీద డీఏ ఇవ్వాలి. వేరే ఉద్యోగం చేయడం లేదని సర్టిఫికెట్ ఇవ్వకపోవడం వల్ల ఈ భృతి ఆగిపోతుంటుంది. అది ఇవ్వడం ఉద్యోగి పని. ఇచ్చినా డబ్బు రాకపోతే, డబ్బు లేక విచారణకు హాజరు కాలేకపోయానని రాతపూర్వకంగా చెప్పాలి. 1999 నాటి కెప్టెన్ పాల్ ఆంథోని తీర్పులో ఈ కారణం ఉద్యోగికి గట్టి ఆసరా అయింది.

మూడు నెలల్లోపు ఛార్జ్ మెమో (అభియోగాల పత్రం) ఇవ్వకుండా సస్పెన్షన్ సాగదీయకూడదని 2015లో అజయ్ కుమార్ చౌదరి కేసులో సుప్రీంకోర్టు అంది. మూడు నెలలు దాటిన మరునాడే సస్పెన్షన్ దానంతటదే పోతుందని అనుకోకూడదు. ముందు సమీక్ష కోరుతూ వినతి ఇచ్చి, రసీదు తీసుకుని, పట్టించుకోకపోతే హైకోర్టులో రిట్ పిటిషన్ వేయాలి.

ఛార్జ్ మెమో చదవడం

మెమోకు నాలుగు అనుబంధాలు ఉండాలి: అభియోగాలు, వాటికి ఆధారమైన వివరాలు, రుజువుకు వాడబోయే డాక్యుమెంట్ల జాబితా, సాక్షుల జాబితా. అభియోగంలో తేదీ, సమయం, చోటు, చేసిన పని, ఉల్లంఘించిన నియమం కనబడాలి. 'ఫిర్యాదుదారులతో దురుసుగా ప్రవర్తిస్తూ శాఖ ప్రతిష్ఠకు భంగం కలిగించాడు' అన్న అభియోగానికి ఎవరైనా ఏం జవాబు చెప్పగలరు? ఎవరితో, ఎప్పుడు, ఏ స్టేషన్లో అన్నది లేకపోతే అది అస్పష్టమైన అభియోగం. సూరత్ చంద్ర చక్రవర్తి కేసులో 1970లోనే సుప్రీంకోర్టు ఇలాంటివాటిని కాదంది. మెమోలోనే 'నేరం రుజువైంది' అన్నట్టు రాస్తే, మనసులో ముందే తీర్పు రాసేసుకున్నారన్న అభ్యంతరం లేవనెత్తవచ్చు. సాక్షుల జాబితాలో అసలు ఫిర్యాదుదారు పేరు లేకుండా ప్రాథమిక విచారణ జరిపిన సీఐ పేరొక్కటే ఉంటే, ఆ కేసు బలహీనత అక్కడే బయటపడిపోతుంది.

మెమోనే కొట్టించుకుందామని చాలామందికి ఆత్రం. 2006లో కూనిశెట్టి సత్యనారాయణ కేసులో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది: ఛార్జ్ మెమో వల్ల ఇంకా హక్కేమీ పోలేదు, కాబట్టి మామూలుగా దాని మీద రిట్ నిలవదు. మినహాయింపులు కొన్నే. అధికారం లేని అధికారి ఇస్తే, క్రమశిక్షణాధికారి ఆమోదం లేకుండా వెళ్తే, సంజాయిషీ లేని ఏళ్ల జాప్యం ఉంటే ఆశ ఉంటుంది. తమిళనాడు ఐపీఎస్ అధికారి ప్రమోద్ కుమార్ కేసులో 2018లో మెమో పోయింది ఈ ఆమోదం లేకే. జాప్యం విషయంలో ఆంధ్రప్రదేశ్‌కే చెందిన ఎన్. రాధాకిషన్ కేసు, 1998 తీర్పు, ఇప్పటికీ ముందుగా చూపేది. రాష్ట్ర ప్రభుత్వం కూడా 2008 నవంబర్ 1 నాటి జీవో 679లో మామూలు విచారణలు మూడు నెలల్లో, చిక్కువి ఆరు నెలల్లోపు ముగించాలని చెప్పింది. ఈ గడువు దాటడం ఒక్కటే మెమో రద్దుకు చాలదు. జాప్యం వల్ల ఏ సాక్షి చనిపోయాడో, ఏ రికార్డు చెదలు పట్టిందో చూపించగలిగితేనే దానికి బలం.

జవాబు రాసే దగ్గర పోలీసులు చేసే తప్పు ఒకటి పదేపదే కనిపిస్తుంది. పై అధికారికి తలవంచి మాట్లాడే అలవాటుతో సంజాయిషీ చివర 'ఈ ఒక్కసారికి మన్నించి చర్య విరమించవలసిందిగా వేడుకుంటున్నాను' అని రాస్తారు. విచారణాధికారి దాన్ని ఒప్పుకోలుగా తీసుకుంటాడు. అప్పీలు అధికారి కూడా అలాగే తీసుకుంటాడు. అభియోగం కాదన్నప్పుడు మన్నింపు మాట ఆ కాగితంలో ఎక్కడా ఉండకూడదు. ఒక్కో అభియోగానికి విడిగా జవాబు, కావలసిన డాక్యుమెంట్ల జాబితా, తన తరఫు సాక్షుల పేర్లు ఉంటే చాలు. డాక్యుమెంట్లు ఇంకా అందలేదంటే, అవి వచ్చాకే పూర్తి జవాబు ఇస్తానని గడువులోపే ఒక చిన్న లేఖ ఇవ్వాలి.

ఓఈ గదిలో

కేసు నిజంగా నడిచేది ఇక్కడే. ఒక మామూలు అభియోగాన్ని దగ్గర నుంచి చూద్దాం. విజయదశమి తర్వాత వచ్చే మంగళవారం విజయనగరంలో పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం. చుట్టుపక్కల స్టేషన్ల నుంచి బలగాలను రప్పిస్తారు. ఒక కానిస్టేబుల్‌కు మూడు లాంతర్ల దగ్గర డ్యూటీ పడిందని, మధ్యాహ్నం రెండు నుంచి రాత్రి ఎనిమిది దాకా అక్కడ లేడని అభియోగం అనుకుందాం. శాఖ రుజువు చేయాల్సినవి ఏమిటి? అతని పేరు, నంబరు ఉన్న బందోబస్తు స్కీమ్ కాపీ. సొంత స్టేషన్ నుంచి డ్యూటీకి పంపుతూ ఇచ్చే కాగితం, అంటే పోలీసులు పాస్‌పోర్టు అనేది, జనరల్ డైరీలో బయల్దేరిన ఎంట్రీ. ఆ సెక్టారు ఇన్‌ఛార్జి ఎస్సై తీసుకున్న రోల్ కాల్. అన్నిటికంటే ముఖ్యంగా, ఆ ఎస్సై వచ్చి 'నేను ఫలానా వేళకు చూశాను, లేడు' అని చెప్పడం.

సాధారణంగా జరిగేది వేరు. ఎస్సై బదిలీ అయి ఉంటాడు. అతని బదులు సీఐ వచ్చి 'ఎస్సై నాకు వైర్‌లెస్ సెట్‌లో చెప్పాడు' అంటాడు. రోల్ కాల్ షీటు దొరకదు. ఉద్యోగి వైపు నుంచి చూస్తే, ఆ రోజు వాంతులు, విరేచనాలతో ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్లాడే అనుకుందాం. ఓపీ చీటీ మీద సమయం ఉంటుంది. దాన్ని తనే తెచ్చి విచారణ రికార్డులో చేర్పించుకోవాలి. డాక్టర్ని డిఫెన్స్ సాక్షిగా అడగాలి. డ్యూటీ పాయింట్ దగ్గర ఉన్న తోటి కానిస్టేబుళ్లను పిలవమనాలి. సిక్ అయిన సంగతి ఎవరికి ఫోన్ చేశాడో కాల్ వివరాలు తెప్పించమనాలి. ఇవన్నీ రాతపూర్వకంగా అడిగి, కుదరదంటే ఎందుకు కుదరదో విచారణాధికారి రాసేలా చూసుకోవాలి. నోటితో అడిగినదేదీ హైకోర్టుకు చేరదు.

శాఖాపరమైన విచారణలో ఎవిడెన్స్ చట్టం (2024 నుంచి దాని స్థానంలో భారతీయ సాక్ష్య అధినియమం) నియమాలు అక్షరం ప్రకారం వర్తించవు. విన్నమాట కూడా సాక్ష్యమే కావచ్చని 1977లో హర్యానా బస్సు కండక్టర్ రత్తన్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు అంది. అందువల్ల 'సీఐ చెప్పింది విన్నమాట' అని కూర్చుంటే లాభం లేదు. సీఐని క్రాస్ చేయాలి, అంటే ఎదురు ప్రశ్నలు వేయాలి: మీరు స్వయంగా ఆ పాయింట్‌కు వెళ్లారా, ఎస్సై చెప్పిన వేళ ఎంత, దాన్ని ఎక్కడైనా రాసుకున్నారా, రోల్ కాల్ షీటు చూశారా? ఈ నాలుగు ప్రశ్నలకు వచ్చే జవాబులే రేపు 'ఆధారం లేని నిర్ధారణ' అన్న వాదనకు పునాది. రుజువు కొలమానం క్రిమినల్ కోర్టులోలాగా అనుమానాతీతం కాదు. ఏది ఎక్కువ నమ్మదగినదిగా ఉందన్నదే ఇక్కడి కొలత. ఏళ్ల తరబడి కోర్టు డ్యూటీ చేసిన పోలీసుకు ఈ తేడా మింగుడు పడదు. అనుమానం రేపితే చాలనుకుని తన వైపు సాక్ష్యం పెట్టకుండా ఊరుకుంటాడు. చాలా కేసులు పోయేది ఇక్కడే.

డాక్యుమెంట్ల విషయంలో కాశీనాథ్ దీక్షిత కేసు ప్రతి పోలీసూ గుర్తుంచుకోదగినది. ఆయన ఎస్పీ. 38 మంది సాక్షులు, 112 డాక్యుమెంట్లు. వచ్చి చూసుకోవచ్చు గానీ కాపీలు ఇవ్వం, స్టెనోను కూడా తెచ్చుకోవద్దు అన్నారు. అన్ని కాగితాలు చూసి గుర్తుపెట్టుకుని క్రాస్ చేయడం ఎవరివల్లా కాదని చెప్పి 1986లో సుప్రీంకోర్టు డిస్మిస్ ఉత్తర్వును కొట్టేసింది. కానీ గుర్తుంచుకోవాల్సింది, ఆయన ముందే కాపీలు అడిగి ఉన్నారు. స్టేషన్లో కొట్టారన్న ఆరోపణైతే మొదట అడగాల్సింది సీసీటీవీ ఫుటేజీ. స్టేషన్ కెమెరాల రికార్డింగు 18 నెలలు నిల్వ ఉండాలని, అది కుదరనిచోట ఏడాదికి తగ్గకూడదని 2020లో పరమ్‌వీర్ సింగ్ సైనీ కేసులో సుప్రీంకోర్టు ఆదేశించింది. ఈ గడువు బాధితుడికీ అంతే ముఖ్యం. మెమో వచ్చేదాకా ఆగితే ఫుటేజీ ఉండదు. ఆరోపణ తెలిసిన రోజే భద్రపరచమని లేఖ ఇవ్వాలి.

శ్రీకాకుళం జిల్లాలో ఇంకో చిక్కు ఉంది. సాక్షులు ఊళ్లో ఉండరు. తీరం వెంట మత్స్యకారులు గుజరాత్‌లోని వెరావల్ వైపు వేటకు పోతారు. ఉద్దానం, పలాస చుట్టుపక్కల నుంచి యువకులు హైదరాబాద్, చెన్నై పనులకు వెళ్తారు. విచారణాధికారి మూడు సమన్లు పంపి, రాలేదని, ప్రాథమిక విచారణలో వాళ్లు ఇచ్చిన వాంగ్మూలాన్నే సాక్ష్యంగా మార్కు చేసి ముగిస్తాడు. ఇదే పని ఢిల్లీ పోలీసులు చేశారు. కూలీలకు ఇవ్వాల్సిన డబ్బులో కొంత కానిస్టేబుల్ మింగాడని అభియోగం. ఆ కూలీలనే విచారణకు తీసుకురాలేదు, పాత వాంగ్మూలాలే చదివారు. కుల్దీప్ సింగ్ కేసుగా పేరుపడ్డ ఆ వ్యవహారంలో సుప్రీంకోర్టు డిస్మిస్‌ను రద్దు చేసింది. ఎఫ్ఐఆర్, పోలీసు దర్యాప్తు కాగితాలు వాటంతటవే రుజువు కావని 2009లో రూప్ సింగ్ నేగీ కేసులో చెప్పింది కూడా ఇదే కోవలోది. విచారణాధికారులకు ఇందులో ఉన్న పాఠం సూటిగా ఉంది: సాక్షి వెరావల్‌లో ఉంటే తిరిగి వచ్చే సీజన్ కనుక్కుని వాయిదా వేయండి, వీలుంటే వీడియోలో విచారించండి. ఫిర్యాదుదారులు కూడా ఎస్పీ గ్రీవెన్స్‌లో ఇచ్చిన అర్జీతో పని అయిపోయిందనుకోకూడదు. ఓఈలో వచ్చి నోటితో చెప్పి, క్రాస్‌కు నిలబడితేనే ఆ ఫిర్యాదుకు ప్రాణం.

విచారణాధికారే ప్రాసిక్యూటర్ కావడం మరో తరచు లోపం. శాఖ తరఫున కేసు నడిపే ప్రజెంటింగ్ ఆఫీసరును వేయరు. డీఎస్పీయే సాక్షి చేత చెప్పిస్తాడు, డిఫెన్స్ సాక్షిని తనే నిలదీస్తాడు, తనే తీర్పు రాస్తాడు. స్పష్టత కోసం ఒకటి రెండు ప్రశ్నలు వేయడం తప్పు కాదు. ప్రాసిక్యూషన్ మొత్తం తన నెత్తిన వేసుకోవడం తప్పని 2018లో సీఆర్‌పీఎఫ్ ఉద్యోగి రామ్ లఖన్ శర్మ కేసులో సుప్రీంకోర్టు వివరించింది. ఇంతకంటే పాత ముచ్చట ఉత్తరప్రదేశ్ హెడ్ కానిస్టేబుల్ మహమ్మద్ నూహ్‌ది. సాక్షి ఎదురు తిరిగితే విచారణ జరుపుతున్న జిల్లా పోలీసు సూపరింటెండెంటే స్వయంగా సాక్ష్యం చెప్పి, మళ్లీ వచ్చి అదే కుర్చీలో కూర్చున్నాడు. అది సహజ న్యాయానికి విరుద్ధమని 1957లోనే సుప్రీంకోర్టు అంది. అయినా, డిస్మిస్ ఉత్తర్వు రాజ్యాంగం రాకముందుది కావడంతో ఆయనకు మాత్రం ఊరట దక్కలేదు.

రోజువారీ రికార్డు మీద సంతకం పెట్టేముందు ప్రతి పేజీ చదవాలి. ఖాళీ కాగితం మీద, తాను లేనప్పుడు తీసుకున్న వాంగ్మూలం మీద సంతకం పెట్టకూడదు. అభ్యంతరం ఉంటే సంతకం కిందే రాయాలి. సాయానికి మరో ప్రభుత్వ ఉద్యోగిని పెట్టుకోవచ్చు. లాయరును మామూలుగా అనుమతించరు కాబట్టి, ఓఈలు చూసిన రిటైర్డ్ ఎస్సైయో సీఐయో తెర వెనుక ప్రశ్నలు రాసిపెట్టినా పెద్ద మేలు. విచారణ బహిష్కరించడం అన్నిటికంటే నష్టం. ఎక్స్‌పార్టీగా, అంటే ఉద్యోగి లేకుండా నడిచినా సాక్షుల్ని విచారించి రుజువు చేయాల్సిందే అన్నమాట నిజం, 2010లో సరోజ్ కుమార్ సిన్హా కేసు చెప్పింది అదే. కానీ క్రాస్ చేయని సాక్ష్యం చెక్కుచెదరకుండా ఫైల్లో కూర్చుంటుంది.

మినిట్ అందాక

విచారణ నివేదికను డిపార్టుమెంటులో మినిట్ అంటారు. దాని కాపీ శిక్షకు ముందే ఇవ్వాలని 1993లో తేల్చిన కేసు హైదరాబాద్ ఈసీఐఎల్‌ది, కరుణాకర్ తీర్పు. ఇవ్వకపోతే తనకు ఏ విధంగా నష్టం జరిగిందో ఉద్యోగి చూపించాల్సి ఉంటుందని కూడా అదే తీర్పు అంది. మినిట్‌లో అభియోగం రుజువు కాలేదని వచ్చి, ఎస్పీ దానితో ఏకీభవించకపోతే, ఎందుకు ఏకీభవించడం లేదో తాత్కాలిక కారణాలు రాసి ఉద్యోగి జవాబు తీసుకోవాలి. 1998 కుంజ్ బిహారీ మిశ్రా కేసు దీనికి ఆధారం. నేరుగా శిక్ష వేసేయడం తరచుగా జరుగుతుంది, తరచుగానే కొట్టుడుపోతుంది. పాత శిక్షలను లెక్కలోకి తీసుకుని ఇప్పటి శిక్ష పెంచాలంటే ఆ మాట ముందే ఉద్యోగికి చెప్పాలన్నది మంచె గౌడ కేసు నుంచి వస్తున్న సూత్రం.

క్రిమినల్ కేసు కూడా ఉంటే

రెండూ ఒకేసారి నడవవచ్చు. అభియోగాలు తీవ్రమైనవై, వాస్తవాలు, సాక్ష్యం ఒకటే అయి, చిక్కైన ప్రశ్నలు ఉంటే శాఖాపరమైన విచారణను కొంతకాలం ఆపమని అడగవచ్చు. పాల్ ఆంథోని కేసు గీసిన గీత ఇదే. ట్రయల్ ఏళ్లు సాగితే ఆ ఆపుదల కూడా ఎత్తేస్తారు. కోర్టులో కేసు కొట్టేశారు కాబట్టి ఉద్యోగం తిరిగి వస్తుందన్న నమ్మకం స్టేషన్లలో బలంగా ఉంది. అది పూర్తి నిజం కాదు. సాక్షులు ఎదురు తిరిగి, బెనిఫిట్ ఆఫ్ డౌట్ (అనుమానపు లబ్ధి) కింద వదిలేస్తే అది గౌరవప్రదమైన నిర్దోషిత్వం కాదని తమిళనాడు పోలీసు సముతిరం కేసులో 2012లో సుప్రీంకోర్టు చెప్పింది. మరోవైపు, 2023 డిసెంబర్‌లో రాజస్థాన్ కానిస్టేబుల్ రామ్‌లాల్ కేసులో, అభియోగాలూ సాక్ష్యమూ ఒకటేనని, క్రిమినల్ కోర్టు సాక్ష్యం అంతా పరిశీలించి నిర్దోషి అన్నదని చూసి డిస్మిస్‌ను రద్దు చేసింది. అందువల్ల తీర్పులో చివరి పేరా ఒక్కటి జతచేస్తే చాలదు. న్యాయమూర్తి సాక్ష్యాన్ని నమ్మలేదని చెప్పిన పేరాలన్నీ ఏ సాక్షి, ఏ అభియోగం అని సరిపోల్చి చూపించాలి.

లంచం తీసుకుంటుండగా ఏసీబీ పట్టుకున్న ట్రాప్ కేసు అయితే దారి మారుతుంది. క్రిమినల్ కేసు విశాఖపట్నంలోని ఏసీబీ ప్రత్యేక కోర్టుకు వెళ్తుంది. శాఖాపరమైన విచారణను గతంలో 1960 చట్టం కింద ఏర్పడ్డ క్రమశిక్షణ చర్యల ట్రైబ్యునల్‌కూ అప్పగించేవారు. క్రిమినల్ కోర్టులో శిక్ష పడితే, విచారణ తప్పనిసరి అని చెప్పే 311(2)లోని మొదటి మినహాయింపు కింద మళ్లీ విచారణ అక్కర్లేదు. అప్పీలులో జైలు శిక్ష నిలిపేశారు కదా అంటే ఉపయోగం లేదు. నేర నిర్ధారణ మీదే స్టే రావాలి. అవినీతి కేసుల్లో అది మామూలుగా దొరకదని 2001 సరీన్ కేసు చెబుతోంది.

విచారణ జరపడం ఆచరణలో సాధ్యం కాదని రాసి నేరుగా డిస్మిస్ చేసే రెండో మినహాయింపు పోలీసుల మీద వాడే ప్రమాదం ఎప్పుడూ ఉంటుంది. 1985 తులసీరామ్ పటేల్ తీర్పు దీన్ని సమర్థించినా, కారణం రాతలో ఉండాలని, అది వాస్తవమై ఉండాలని షరతు పెట్టింది. సాక్షులు భయపడతారు అన్న ఒక్క వాక్యం చాలదు. ఏ సాక్షి, ఎందుకు, ఎవరి బెదిరింపు అన్నది ఫైల్లో ఉండాలి.

అప్పీలు, ఆ తర్వాత రిట్

ఎస్పీ వేసిన శిక్ష మీద డీఐజీకి అప్పీలు, ఆపైన 40వ నియమం కింద రివిజన్. ఉత్తర్వు అందిన తేదీ నుంచే గడువు లెక్క, కాబట్టి ఆ తేదీ వేసే సంతకం పెట్టాలి. అప్పీలు దయాభిక్ష కోరే దరఖాస్తులా రాయకూడదు. విచారణలో లోపం, సాక్ష్యంలో లోపం, శిక్షలో అసమానత అన్న మూడు కోణాల్లో, ఫైలు పేజీ నంబర్లతో రాయాలి. 'పరిశీలించాను, జోక్యానికి కారణం లేదు' అని ఒక్క ముక్కలో అప్పీలు తోసేస్తే, వాదనలకు జవాబు లేని ఆ ఉత్తర్వే హైకోర్టులో మొదటి లక్ష్యం అవుతుంది. అప్పీలు దారి వదిలేసి నేరుగా రిట్ వేస్తే, ముందు అక్కడికి వెళ్లమని తిప్పి పంపే అవకాశం ఎక్కువ.

రాష్ట్ర పరిపాలనా ట్రైబ్యునల్ ఇప్పుడు లేదు. అందుకే సర్వీసు వివాదం 226వ అధికరణ కింద నేరుగా సింగిల్ జడ్జి ముందుకు వస్తుంది, ఓడినవారు డివిజన్ బెంచికి రిట్ అప్పీలు వేస్తారు. ప్రతివాదులుగా హోం శాఖ ముఖ్య కార్యదర్శి, డీజీపీ, డీఐజీ, ఎస్పీ ఉంటారు. ఛార్జ్ మెమో, జవాబు, డాక్యుమెంట్ల కోసం ఇచ్చిన లేఖలు, వాంగ్మూలాలు, మినిట్, దానిపై జవాబు, శిక్ష ఉత్తర్వు, అప్పీలు, దాని ఫలితం వరుసగా జతచేయాలి. ఈ కట్టలో ఏ కాగితం లేకపోయినా ఆ దశలో ఉద్యోగి మౌనంగా ఉన్నాడనే అర్థం వస్తుంది.

కోర్టు ఎంత దూరం వెళ్తుందో చెప్పిన మూల తీర్పు ఆంధ్రప్రదేశ్ పోలీసు కేసే. ఒక సబ్ ఇన్‌స్పెక్టర్ డిస్మిస్‌ను హైకోర్టు సాక్ష్యం తూచి కొట్టేస్తే, 1963లో సుప్రీంకోర్టు ఆ తీర్పును తిప్పికొట్టింది. శాఖాపరమైన విచారణ మీద హైకోర్టు అప్పీలు కోర్టు కాదని, కొంతైనా సాక్ష్యం ఉంటే అది సరిపోతుందా లేదా అని తూచదని శ్రీరామారావు తీర్పు అంది. 1995లో బి.సి. చతుర్వేది కేసు శిక్ష విషయానికి ఇదే గీతను పొడిగించింది: మనస్సాక్షిని కలచివేసేంత అసమానత ఉంటేనే జోక్యం. అప్పుడు కూడా కోర్టు మామూలుగా శిక్షను తనే మార్చదు, మళ్లీ ఆలోచించమని వెనక్కి పంపుతుంది. ఒక్కపూట గైర్హాజరుకు డిస్మిస్ అన్నప్పుడు ఈ వాదన పనిచేస్తుంది. కస్టడీలో దెబ్బలు, లంచం, గంజాయి రవాణాకు సాయం లాంటివాటికి పనిచేయదు, పనిచేయకూడదు కూడా.

గెలుపు అంటే ఏమిటో ముందే తెలుసుకోవాలి. విచారణ పద్ధతిలో లోపం మీద గెలిస్తే, లోపం ఎక్కడ జరిగిందో అక్కడి నుంచి మళ్లీ విచారణ మొదలవుతుంది. మినిట్ కాపీ ఇవ్వలేదని గెలిస్తే కాపీ ఇచ్చి మళ్లీ శిక్ష వేయవచ్చు. ఆ మధ్యకాలంలో ఉద్యోగిని మళ్లీ సస్పెన్షన్లో ఉంచవచ్చు. గడిచిన కాలానికి జీతం దానంతటదే రాదు. సస్పెన్షన్ కాలాన్ని డ్యూటీగా పరిగణించాలా వద్దా అన్నది ఫండమెంటల్ రూల్ 54-బి కింద, కోర్టు తిరిగి తీసుకోమన్నప్పుడు మధ్యకాలం సంగతి 54-ఎ కింద విడి ఉత్తర్వు ద్వారా తేలుతుంది. దానికోసం విడిగా వినతి ఇవ్వాలి. రిటైరైపోతే పెన్షన్ నియమాల్లోని 9వ నియమం వర్తిస్తుంది. కొత్తగా చర్య మొదలుపెట్టాలంటే ఘటన అంతకుముందు నాలుగేళ్లలోపుదై ఉండాలి.

తీర్పు వచ్చాక సర్టిఫైడ్ కాపీతో ఎస్పీ ఆఫీసులో వినతి ఇచ్చి ఇన్‌వార్డు నంబరు తీసుకోవాలి. తీర్పులో చెప్పిన గడువు దాటినా అమలు కాకపోతే కోర్టు ధిక్కరణ పిటిషన్ వేయవచ్చు. అది ధిక్కరణ జరిగిన తేదీ నుంచి ఏడాదిలోపే. ఈ ఏడాదిని 'సార్ చేసేస్తామన్నారు' అంటూ గడిపేసి, ఆ తర్వాత లాయరు దగ్గరికి వచ్చేవాళ్లకు గెలిచిన తీర్పు చేతిలో ఉన్నా ధిక్కరణ దారి మూసుకుపోతుంది.